ఎర్ర లైటు వెలిగించుకోవడం ఎలా?

ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించుకున్న ప్రతివాళ్లకీ ఒక డబ్బా ఇస్తారు. దాని మీద వరసగా చిన్న చిన్న లైట్లు. మిగతావన్నీ పచ్చగా వెలుగుతుంటాయి గానీ, ఎల్ఓఎస్ అని రాసినచోట మాత్రం చీకటి. కొన్ని ఇళ్లలో ఆ చోటు ఏళ్ల తరబడి చీకటిగానే ఉండిపోతుంది. నెలనెలా డబ్బు కడుతూ ఒక లైటు అసలు వాడుకోకపోవడం ఏం సంసారం? ఎల్ఓఎస్ అంటే లాస్ ఆఫ్ సిగ్నల్. లోపలికి రావాల్సిన వెలుగు రావడం లేదని డబ్బా పెట్టే ఎర్రటి గగ్గోలు.

నేను కరెంటాఫీసులో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. తీగల సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఈ రెండేళ్లలో మా ఇంట్లో ఆ ఎర్ర లైటు ఆరుసార్లు వెలిగించాను. మా తెనాలిలో ఇంకే ఇంట్లోనూ ఇన్నిసార్లు వెలగలేదని లైన్‌మేన్ కుర్రాడు స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ అనుభవసారం దాచుకోవడం ఇష్టంలేక ఈ చిట్కాలు రాస్తున్నాను.

చిట్కా 1: ఏ తీగైనా తీగే అనుకోండి

జనవరి ఒకటో తారీకున కొత్త క్యాలెండరు తగిలిద్దామని గోడకి మేకు కొట్టాను. మేకు వెళ్లి వెళ్లి సరిగ్గా ఫైబర్ కేబుల్లో దిగింది. ఇలాంటప్పుడు కంగారు పడకూడదు. రెండు కొనలూ బ్లేడుతో చెక్కండి. ఒకదానికొకటి మెలేయండి. పైన నల్ల టేపు చుట్టండి. రాగికి ఇదే వైద్యం. రాగి రాగిని తాకితే చాలు, కరెంటు దాటేస్తుంది.

గాజుకి ఈ లౌక్యం తెలియదు. కేబుల్ పైతొడుగులన్నీ ఒలిస్తే చివరికి మిగిలేది తల వెంట్రుక కంటే కాస్త లావున్న గాజు పోగు, 125 మైక్రాన్లు. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. పోనీ ఆ పోగు మొత్తంలోంచీ వెలుగు వస్తుందా అంటే అదీ లేదు. నడిమధ్యన కోర్ అనే 9 మైక్రాన్ల సందులోంచి వస్తుంది. చుట్టూ ఉన్న మిగతా గాజు, అంటే క్లాడింగ్, కాపలాకే. రెండు కొనలూ అతకాలంటే ఆ 9 మైక్రాన్లూ ఈ 9 మైక్రాన్లూ ఎదురెదురుగా రావాలి. ఒకటి రెండు మైక్రాన్లు పక్కకి జరిగినా కొంత వెలుగు దారి తప్పుతుంది. నేను మెలేయగానే గాజు పుటుక్కుమంది. టేపు మాత్రం చక్కగా అతుక్కుంది.

ఎర్ర లైటు, మొదటిసారి.

చిట్కా 2: మిగిలిన కేబుల్‌ని మడిచి రబ్బరు బ్యాండు వేయండి

లైన్‌మేన్లు ఎప్పుడూ నాలుగైదు మీటర్లు ఎక్కువ వదిలి, గోడ మీద పెద్ద చుట్టలా వేలాడదీస్తారు. చూడ్డానికి బాగోదు. దాన్ని జేబురుమాలులా నాలుగు మడతలు వేసి, గట్టి రబ్బరు బ్యాండు బిగించి, టీవీ వెనక్కి నెట్టండి.

దీనివల్ల ఏమవుతుందో తెలియాలంటే చిన్నప్పుడు బావిలో ఈత కొట్టి ఉండాలి. నీళ్లలో మునిగి కళ్లు తెరిచి పైకి చూస్తే ఆకాశమంతా నెత్తిన ఒక గుండ్రటి కిటికీలోనే కనిపిస్తుంది. ఆ గుండ్రం దాటితే నీటి పైపొర అద్దమైపోయి బావి అడుగునే మనకి తిరిగి చూపిస్తుంది. నిట్టనిలువు గీత నుంచి సుమారు 49 డిగ్రీలు దాటి ఏటవాలుగా పైకొచ్చిన వెలుగు ఇక గాలిలోకి దాటలేదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం అని బళ్లో బట్టీపట్టిన మాట ఇదే. 1840ల తొలినాళ్లలో జెనీవాలో డేనియల్ కొలాడాన్ అనే ఆయన తొట్టి చిల్లులోంచి దూకే నీటిధారలోకి వెలుగు పంపితే, ధార వంగి కిందపడినంత మేరా వెలుగు దాని లోపలే ఉండి ధారతోపాటు వంగింది. ఫైబర్ కథకి అది మొదటి పేజీ.

నీటికీ గాలికీ తేడా పెద్దది గనక అక్కడ అద్దం గట్టిది. ఫైబర్లో కోరూ గాజే, క్లాడింగూ గాజే. కోర్ గాజులో కాస్త జెర్మేనియం కలిపి దాని వక్రీభవన గుణకాన్ని ఒక్క పిసరు పెంచుతారు. ఆ తేడా అర శాతం కూడా ఉండదు. అంత పల్చటి గోడ కాబట్టి, దాదాపు తిన్నగా పోయే వెలుగునే అది ఆపగలదు. పోగుని వంచితే మలుపు దగ్గర వెలుగు బయటికి జారుకుంటుంది. మామూలు ఫైబర్‌ని 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగించి చుట్టకూడదంటారు. ఇళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన రకాలు ఒక సెంటీమీటరు దాకా, కొన్ని ముప్పావు సెంటీమీటరు దాకా ఓర్చుకుంటాయి. రబ్బరు బ్యాండు మడతని ఓర్చుకునేది ఇంకా పుట్టలేదు.

మా లైన్‌మేన్ కుర్రాడు మీటరు పెట్టి వెలుగు ఎంతుందో చూసి, "మైనస్ ముప్పై రెండు చూపిస్తోంది బాబాయ్ గారూ, దేనికి కట్టేశారు దీన్ని?" అన్నాడు. రబ్బరు బ్యాండు తీసి జేబులో వేసుకుని వెళ్లాడు. అది నాది.

చిట్కా 3: కొనని పంచె చెంగుతో తుడవండి

నెట్ నెమ్మదించిందంటే దుమ్ము చేరిందన్నమాట. డబ్బా వెనక పచ్చ మూతి ఉన్న పసుప్పచ్చ వైరు లాగి, నోటితో ఉఫ్ అని ఊది, చెంగుతో తుడిచి, ఆవకాయ తిన్న వేలితో ఒకసారి సరిచూసి మళ్లీ పెట్టండి.

ఆ మూతిలో పెన్ను రీఫిల్లంత లావున తెల్లటి పింగాణీ మొన ఉంటుంది, 2.5 మిల్లీమీటర్లు. దాని నడుమన ఆ గాజు పోగు, పోగు నడుమన ఆ 9 మైక్రాన్లు. కంటికి కనపడని ధూళి రేణువు ఒక్కటి అక్కడ కూర్చుంటే, వీధి మధ్యలో ఎద్దు పడుకున్నట్టే. ఉమ్మి తుంపర, వేలి నూనె ఎండితే పొర కడతాయి. ఫైబర్ పనివాళ్లని ఎవర్ని అడిగినా సగం ఫిర్యాదులకి కారణం మురికి కొనలే అంటారు. అందుకే వాళ్ల సంచీలో పెన్నులా నొక్కితే టిక్కుమని తుడిచే క్లీనరూ, స్పిరిట్ సీసా ఉంటాయి. మనకి పంచె ఉంది.

పనిలో పనిగా పచ్చ మూతిని నీలం సాకెట్లో దూర్చి చూడండి. దూరుతుంది. పచ్చదాని మొన 8 డిగ్రీలు వాలుగా చెక్కి ఉంటుంది. కొన దగ్గర వెనక్కి తిరిగిన వెలుగు వచ్చినదారినే పోయి లేజర్‌ని చికాకుపెట్టకుండా పక్కకి పోవడానికి ఆ వాలు. నీలందానికి అంత వాలుండదు. రెండూ కలిపితే మధ్యన గాలి సందు మిగులుతుంది. రెండు రంగులూ జోడీ బాగున్నాయని మా మనవరాలు మెచ్చుకుంది.

ఎర్ర లైటు, మూడోసారి.

చిట్కా 4: ఉరిమితే ముందు గాజు తీగ పీకండి

పిడుగుల వేళ పరుగున వెళ్లి ఆ పసుప్పచ్చ వైరు పీకేయండి. గోడకున్న కరెంటు ప్లగ్గు మాత్రం కదపకండి, అది కరెంటాఫీసు సొత్తు.

ఇందులో చిన్న మెలిక ఉంది. గాజులో కరెంటు పారదు. పిడుగు హఠాత్తుగా పెంచే వోల్టేజీ ఇంట్లోకి వచ్చే ప్రధాన ద్వారం ఆ ప్లగ్గే. పక్కనే వేల వోల్టులు పోతున్నా వెలుగుకి చీమ కుట్టినట్టుండదు. అందుకే మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్‌కి కేబుళ్లు భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే లాగగలిగారు. టెలిఫోను రాగి తీగని హైటెన్షన్ లైను పక్కన లాగితే చెవిలో గుయ్యిమనేది. ముప్పై రెండేళ్లు ఆ స్తంభాల లెక్కలు రాసిన నాకు ఇది తెలియదని కాదు. అలవాటు.

నేనలా చేసిన రాత్రి డబ్బా కాలిపోయింది. వైరు మాత్రం క్షేమం. కొత్త డబ్బా వచ్చాక చూస్తే, పీకి నేలన పడేసిన వైరు మొన మీదికి చీమలు చేరాయి.

చిట్కా 5: పక్కింటికి పంచండి

కేబుల్ టీవీ రోజుల్లో ఇది మనందరికీ వెన్నతో పెట్టిన విద్య. నలభై రూపాయల స్ప్లిట్టర్ ముక్క తెచ్చి, ఒక వైరు మనకి, ఒక వైరు పక్కింటి సుబ్బారావుగారికి. ఫైబర్‌కీ అంతే. టీవీ స్ప్లిట్టర్ చిల్లులో గాజు పోగు దూరకపోతే కొంచెం నెట్టండి.

అసలు సంగతేమిటంటే, మనకొచ్చే వెలుగు అప్పటికే పంచిన వెలుగు. కంపెనీ గదిలో బయల్దేరిన ఒక పోగు దారిలో 32గానో 64గానో చీలుతుంది. ఆ చీల్చే డబ్బాకి కరెంటు అక్కర్లేదు. గాజు కాలవలే ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోతాయి. దిగేటప్పుడు అందరి సమాచారమూ అందరి ఇళ్లకీ వెళుతుంది. తాళం వేసిన ఉత్తరాల కట్టలోంచి ఎవరి డబ్బా వాళ్లది ఏరుకుంటుంది. ఎక్కేటప్పుడు మాత్రం రేషను షాపు పద్ధతి. టోకెను పిలిచినప్పుడే మాట్లాడాలి, లేకపోతే రెండిళ్ల వెలుగూ గుద్దుకుంటుంది. దిగే వెలుగు 1490 నానోమీటర్లు, ఎక్కేది 1310. రంగులు వేరు గనక ఒకే పోగులో ఎదురెదురుగా పోయినా పేచీ లేదు.

రెండుగా చీల్చిన ప్రతిసారీ వెలుగు సగమవుతుంది. పనివాళ్ల భాషలో 3 డెసిబెల్స్ పోయినట్టు. డబ్బా సుమారు మైనస్ 27 దాకా చదవగలదు. అంటే మిల్లీవాట్‌ని 500 ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. అంత తక్కువ వెలుగులో అక్షరం తప్పకుండా చదివే కన్ను దానిది. నేను నెట్టిన నెట్టుడుకి గాజు రెండుగా కాదు, మూడుగా చీలింది. సుబ్బారావుగారు మజ్జిగ ఇచ్చి పంపారు.

చిట్కా 6: మాట తడబడితే ఆకాశాన్ని తిట్టండి

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. వీడియో కాల్‌లో నేను "ఏమ్మా" అంటే ఒక్క క్షణం ఆగి "ఆ నాన్నా" అంటుంది. అలాంటప్పుడు ఫోను పట్టుకుని డాబా ఎక్కండి. ఉపగ్రహానికి దగ్గరవుతారు.

ఉపగ్రహం ఎక్కడో 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, మా అమ్మాయి మొహం చేపల పక్కనుంచి వస్తోంది. చెన్నైలోనో ముంబయిలోనో తీరం దిగిన కేబుల్, సముద్రపు అడుగున మన చెయ్యంత లావు కూడా లేకుండా పడుకుని ఉంటుంది. ఖండాల మధ్య తిరిగే ఇంటర్నెట్‌లో దాదాపు అంతా ఆ దారినే. అట్లాంటిక్ అడుగున మొదటి ఫైబర్ కేబుల్ వేసింది 1988లో. దాని పేరు టాట్-8. ఇప్పటి కేబుళ్లలో సుమారు వంద కిలోమీటర్ల లోపు ఒకచోట చొప్పున, ఎర్బియం కలిపిన కొద్ది మీటర్ల ఫైబర్ ఉంటుంది. నీరసించిన వెలుగు దానిలోంచి వెళితే, వెలుగు వెలుగుగానే మళ్లీ బలం పుంజుకుంటుంది. 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం చూపించిన కిటుకు ఇది. దీనికి కావలసిన కరెంటు మాత్రం అదే కేబుల్లోని రాగిలోంచి వెళ్తుంది. చూశారా, చివరికి మా డిపార్టుమెంటే.

ఇంతకీ ఆ క్షణం ఆలస్యం దేనికి? శూన్యంలో సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పరిగెత్తే వెలుగు గాజులో రెండు లక్షలే నడుస్తుంది. అమెరికాకి 15,000 కిలోమీటర్లనుకున్నా, పోయి రావడానికి సెకనులో ఏడో వంతు. ప్యాకేజీ ఎంత పెద్దది కట్టినా ఇది తగ్గదు. నేను మాత్రం డాబా మీదే మాట్లాడుతున్నాను. గాలి బావుంటుంది.

చిట్కా 7: చరిత్రని వాట్సాప్‌లోనే చదవండి

పెళ్లి భోజనాల దగ్గర మాట దొరక్కపోతే ఇలా మొదలెట్టండి: "ఫైబర్ కనిపెట్టింది మనవాడే, నోబెల్ మాత్రం ఇంకొకడు కొట్టేశాడు." పప్పు వడ్డించేలోగా అందరూ ఒప్పుకుంటారు.

పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ గొప్పవాడే. 1954లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, గాజు పోగుల కట్టలోంచి బొమ్మని ఈ కొసనుంచి ఆ కొసకి పంపి చూపించాడు. 'ఫైబర్ ఆప్టిక్స్' అన్న మాటని ప్రచారంలోకి తెచ్చిందీ ఆయనే. 2021లో, చనిపోయాక, మన దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. కానీ ఆ గాజులో వెలుగు మీటర్లలో అలిసిపోయేది. కిలోమీటరుకి 1000 డెసిబెల్స్ మింగే గాజంటే, 20 మీటర్లు పోయేసరికి నూరు పాళ్లలో ఒక పాలు మిగిలినట్టు. వీధి చివరికి కూడా చేరదు.

1966లో ఛార్ల్స్ కావో, జార్జ్ హాకమ్ ఇద్దరూ లెక్కవేసి, తప్పు గాజుది కాదు, గాజులోని మలినాలది అన్నారు. ఇనుము లాంటి లోహాల ఆనవాళ్లు తీసేస్తే, కిలోమీటరు దాటాక నూటికి ఒక పాలైనా మిగిలే గాజు చేయొచ్చు, అప్పుడిది టెలిఫోనుకి పనికొస్తుంది అన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ అనే ముగ్గురు ఆ గీత దాటారు. ఇవాళ్టి మంచి ఫైబర్లో 15 కిలోమీటర్లు పోయాక కూడా సగం వెలుగు మిగులుతుంది. కావోకి నోబెల్ 2009లో వచ్చింది. ఒకరు దారి చూపారు, ఇద్దరు దారిలో రాళ్లు ఏవో చెప్పారు, ముగ్గురు ఏరారు. ఇంత చెబితే పప్పు చల్లారిపోతుంది. మొదటి వాక్యంతో ఆపేయండి.

చిట్కా 8: ఫైబరంటే నెట్టే, ఇంకేమీ కాదని వాదించండి

నాకు కడుపులో మంట వచ్చినప్పుడు డాక్టరు గొంతులోంచి గొట్టం దింపాడు. కెమెరా కొసన ఉన్నా, కడుపు చీకట్లోకి దీపం మోసుకెళ్లేది చాలా గొట్టాల్లో గాజు పోగుల కట్టే. 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టరు వంగే ఫైబర్ గొట్టాన్ని ముందు తన గొంతులోనే దింపుకుని చూశాడు. నా గొంతులో దింపేటప్పుడు నేను చేసిన శబ్దాలు ఇక్కడ రాయను.

ఫైబర్‌కి చెవులు కూడా ఉన్నాయి. లోపలికి లేజర్ తళుకులు పంపి, గాజు పొడవునా చెదిరి వెనక్కొచ్చే సన్నటి వెలుగుని గమనిస్తే, కేబుల్ ఎక్కడ కదిలిందో, ఎక్కడ వేడెక్కిందో తెలుస్తుంది. ఇలా పైపులైన్ల కాపలా కాస్తున్నారు, భూకంపాలు వింటున్నారు. గోడలకే అనుకున్నాం.

ఇటెర్బియం కలిపిన ఫైబర్‌నే లేజర్‌గా మార్చి ఇనప రేకులు కోస్తారు. మా వీధిలో ఇప్పుడు ప్రతి గేటుకీ నెమళ్లూ తీగలూ కోసి ఉంటున్నాయంటే చాలావరకు దాని పుణ్యమే. మేమూ నెమలి గేటు చేయించాం. స్తంభానికి గుంట తవ్వేటప్పుడు కింద ఏముందో ఎవరినీ అడగలేదు. గడ్డపలుగు మూడో పోటుకే కేబుల్ దొరికింది. ఫైబర్ కోసిన గేటు కోసం ఫైబర్‌నే కోసుకున్న ఇల్లు మాది.

ఎర్ర లైటు, ఆరోసారి.

చిట్కా 9: లేదు

తెగిన కొనలో కన్ను పెట్టి వెలుగొస్తోందా అని చూడమని ఒక చిట్కా రాసుకున్నాను. కొట్టేశాను. 1310, 1490 రెండూ కంటికి కనపడని వెలుగులు. ఏమీ కనపడదు కాబట్టి రెప్ప వాలదు, లోపల దెబ్బ తగులుతున్నా తెలియదు. తెగిన గాజు ముక్క చర్మంలో దిగితే వెతకడం కూడా కష్టం. ఇవి తప్పుడు సలహాగా కూడా ఇవ్వలేను. పిల్లల్ని దూరంగా ఉంచి లైన్‌మేన్‌కి ఫోను చేయండి.

చిట్కా 10: లైన్‌మేన్ వచ్చాక ఫ్యాను ఐదులో పెట్టండి

ఆ కుర్రాడు మే నెల ఎండలో వచ్చాడు. చెమట కారుతోంది. నేను మర్యాదగా ఫ్యాను ఐదులో పెట్టాను. "వద్దు బాబాయ్ గారూ, ఆపేయండి" అన్నాడు. గాలికి పోగు ఊగుతుందట, దుమ్ము లేస్తుందట. ఇద్దరం చెమటలోనే కూర్చున్నాం.

నల్ల తొడుగు ఒలిచాడు. పై పూత కత్తెర లాంటి స్ట్రిప్పర్‌తో జర్రున లాగేశాడు. మిగిలిన గాజు పోగుని స్పిరిట్ అద్దిన కాగితంతో, కీచుమని చప్పుడొచ్చేదాకా తుడిచాడు. క్లీవర్‌లో పెట్టి నొక్కితే కొసన చిన్న ముక్క తెగిపడింది. దాన్ని వేలితో తాకకుండా టేపుకి అంటించి డబ్బాలో వేశాడు. రెండు కొనలూ స్ప్లైసింగ్ మిషన్లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిన్న తెర మీద అవి రెండు కరెంటు స్తంభాల్లా కనిపించాయి. ఒకదానివైపు ఒకటి జరిగాయి, ఆగాయి, కొంచెం పైకి, కొంచెం పక్కకి. తెర తళుక్కుమంది. అంతే, రెండు పోగులు లేవు, ఒకటే ఉంది. కింద 0.02 అని పడింది. అంటే ఆ అతుకు దగ్గర వెయ్యి పాళ్లలో అయిదు పాళ్లు కూడా పోలేదు.

ముప్పై రెండేళ్లలో నేను చూసిన ఏ జాయింటూ ఇంత నిక్కచ్చిగా కుదరలేదు. ఆ మాట అతనితో అనలేదు. మంచినీళ్లిచ్చాను.

ఎర్ర లైటు ఆరింది. మా ఆవిడ వెంటనే డాలస్‌కి కాల్ కలిపింది. అమ్మాయికి అక్కడ పొద్దున్నే, కాఫీ కప్పుతో కూర్చుంది. కప్పు మీద ఆవిరి కూడా కనిపిస్తోంది. "నాన్నా, ఇవాళ ఎంత స్పష్టంగా ఉన్నావో" అంది. అంత దూరం, అన్ని సముద్రాలు దాటుకుని వచ్చిన వెలుగు తడబడినదల్లా మా గేటు నుంచి టీవీ దాకా ఉన్న ఆ ఆరు మీటర్లలోనే.

కుర్రాడు వెళ్తూ వెళ్తూ మిగిలిన కేబుల్‌ని పళ్లెమంత పెద్ద చుట్ట చుట్టి గోడకి తగిలించాడు. "దీన్ని ముట్టుకోకండి బాబాయ్ గారూ" అని రెండుసార్లు చెప్పాడు.

పొద్దుటినుంచీ దాన్నే చూస్తున్నాను. అంత చుట్ట, కొత్త రంగు వేసిన గోడ మీద, ఏం బాగోలేదు. రబ్బరు బ్యాండ్ల డబ్బా ఎక్కడుందని మా ఆవిణ్ణి అడిగితే వినపడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.